అమావాస్యకు పొంగే మురుగునీటి ప్లాంటు: కొత్తది కట్టాలా, ఉన్నదాన్ని సరిచేయాలా?

అడిగినవారు: గుట్టకింది ఊరి వార్డు సభ్యుడు, నల్గొండ జిల్లా

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక గుట్ట కింద ఉన్న ఊరు. గుట్ట మీద శివాలయం ఉండడం వల్ల ప్రతి అమావాస్యకూ జనం వస్తారు. చుట్టుపక్కల మండలాల నుంచే కాక పట్నం నుంచి కూడా వచ్చి, ఆ రాత్రి గుడి దగ్గర నిద్ర చేసి, తెల్లవారి స్నానాలు, మొక్కులు ముగించుకుని వెళ్తారు. మామూలు రోజుల్లో మురుగు పైపులకు కలిసిన ఇళ్లు 260, వాటిలో ఉండేవారు సుమారు 1,100 మంది. అమావాస్య నాడు మేం లెక్కగట్టినంతలో 15,000 మంది దాకా వస్తారు, వారిలో దాదాపు 4,000 మంది రాత్రి ఉండిపోతారు.

ఎనిమిదేళ్ల కిందట మా ఊరికి రోజుకు 1,00,000 లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే చిన్న ప్లాంటు కట్టారు. తొట్టిలోకి బ్లోయర్‌తో గాలి ఊది, సూక్ష్మజీవులతో మురికిని తినిపించే పద్ధతి అది. మామూలుగా దానికి వచ్చేది రోజుకు 65,000 లీటర్లే కాబట్టి నెలలో సగానికి పైగా రోజులు ఏ ఇబ్బందీ కనిపించదు. అమావాస్య తెల్లవారుజామున మాత్రం తొట్లు పొంగి, నీళ్లు శుద్ధి కాకుండానే పక్క కాలువ గుండా చెరువులోకి పోతున్నాయి. అంతకంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్న విషయం ఇంకొకటి ఉంది. జనం వెళ్లిపోయిన తర్వాత కూడా వారం పది రోజుల దాకా ప్లాంటు నుంచి నల్లటి నీళ్లే, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో వస్తున్నాయి. ఆ చెరువు కింద మా వాళ్ల వరి పొలాలు ఉన్నాయి. పట్నం మురుగు మూసీలో కలిసి మన జిల్లా పొలాల్లోకి వస్తోందని ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్న మనమే, మన చెరువుకు అదే పని చేయడం నాకు మనసొప్పడం లేదు.

సలహా కోసం పిలిచిన ఒక సంస్థ వారు వచ్చి చూసి, రోజుకు 4,00,000 లీటర్ల సామర్థ్యంతో కొత్త ప్లాంటు కట్టాలని చెప్పారు. అంత డబ్బు పంచాయతీకి ఎక్కడి నుంచి వస్తుందనేది ఒక ప్రశ్న అయితే, నెలకు రెండు రోజుల కోసం అంత పెద్దది కట్టడం సరైనదేనా అనేది అసలు ప్రశ్న. ఇలాంటి చోట్ల పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: హాస్టల్ ప్లాంటు ఆపరేటర్, మహబూబ్‌నగర్

నమస్కారం అన్నా. నేను 12 ఏళ్లుగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో మురుగునీటి ప్లాంటు నడుపుతున్నాను. ఇంజినీరును కాను. మీకు నెలకొకసారి జనం పెరుగుతారు, మాకు ఏడాదికి మూడు నాలుగు సార్లు 600 మంది పిల్లలు ఒకేసారి ఇళ్లకు వెళ్లిపోతారు. రెండింటిలోనూ చిక్కు ఒకటే.

నేను చేరిన మొదటి ఏడాది దసరా సెలవులకు హాస్టల్ ఖాళీ అయింది. తొట్టిలోకి మురుగు రావడం ఆగినా, బ్లోయర్ ఆపితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్న భయంతో నేను దాన్ని రాత్రింబవళ్లు నడిపాను. తిండి లేకుండా గాలి మాత్రమే పెడితే అవి తమను తామే తింటాయని అప్పటికి నాకు తెలియదు. రెండు వారాల తర్వాత గాజు జాడీలో ఒక లీటరు నీళ్లు తీసి అరగంట కదలకుండా పెట్టి చూశాను. ఎప్పుడూ అయితే మట్టి రంగు మడ్డి మెల్లగా కిందికి దిగి, పావు లీటరు గీత దగ్గర తేటగా ఒక అంచు ఏర్పడి, దాని మీద నీళ్లు తేటతెల్లంగా నిలిచేవి. ఆ రోజు అంచే లేదు. బూడిద కలిపినట్టు జాడీ అంతా మసకగా ఉండిపోయింది. పిల్లలు తిరిగి వచ్చాక మూడు వారాల పాటు తొట్టి మీద సబ్బు నురగలాంటి తెల్లటి నురగ పొర్లింది.

మరుసటి ఏడాది నుంచి సెలవులు మొదలవగానే రెండు తొట్లలో ఒకదాన్ని ఆపి, రెండోదానికి బ్లోయర్‌ను ఒక గంట నడిపి రెండు గంటలు ఆపుతున్నాం. రోజుకు 4 కిలోల నల్లబెల్లం, చారెడు యూరియా నీళ్లలో కలిపి పోస్తున్నాం. పిల్లలు వచ్చిన నాలుగో రోజుకల్లా జాడీలో మళ్లీ అంచు కనిపిస్తుంది.

ఇక మీ సంగతి. తొట్టిలో ఎన్ని సూక్ష్మజీవులు ఉంటాయనేది కిందటి పది పదిహేను రోజులు వాటికి ఎంత తిండి దొరికిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొట్టంలో రెండు ఎడ్లే ఉన్నప్పుడు ఇరవై ఎడ్ల మేత తెచ్చి వేస్తే అవి తినగలిగినంతే తింటాయి, మిగిలింది కుళ్లుతుంది. మీ ప్లాంటులో అమావాస్య నాడు జరుగుతున్నది అదే. 4,00,000 లీటర్ల ప్లాంటు కట్టినా అందులో 1,100 మంది మురుగుకు సరిపడే సూక్ష్మజీవులే బతికి ఉంటాయి. అంత పెద్ద తొట్టికి రోజూ గాలి ఊదడానికి కరెంటు బిల్లు మాత్రం నెల నెలా కట్టాలి.

రెండు విషయాలు వెంటనే కనుక్కోండి. జాతర రోజుల్లో మరుగుదొడ్లలో బ్లీచింగ్ పౌడర్, ఫినాయిలు ఎన్ని కిలోలు పోస్తున్నారు? కరెంటు పోతే బ్లోయర్‌కు జనరేటర్ ఉందా? వారం పది రోజులు కోలుకోకపోవడానికి జనం ఒక్కటే కారణం అయి ఉండదని నా అనుమానం. జనం వల్ల పొంగిన ప్లాంటు మూడు నాలుగు రోజుల్లో సర్దుకోవాలి. మందు పడితేనే అంత కాలం పడుతుంది.

అడిగినవారు

అన్నా, మీరు అడిగిన రెండూ ఈ రోజే వెళ్లి కనుక్కున్నాను. వాసన రాకూడదని అమావాస్య ముందు రోజు, ఆ రోజు, తర్వాతి రోజు కలిపి మూడు బస్తాల బ్లీచింగ్ పౌడర్ మరుగుదొడ్లలోనూ మోరీల్లోనూ చల్లుతున్నారట. అది ఎక్కడికి పోతుందని ఇంతవరకు ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా ఆలోచించలేదు. జనరేటర్ గుడి దీపాలకు, మైకులకు మాత్రమే ఉంది. పోయిన అమావాస్యకు నాలుగు గంటలు కరెంటు పోయినప్పుడు బ్లోయర్ ఆగే ఉందని వాచ్‌మన్ చెప్పాడు.

జవాబు: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, నల్గొండ

పై మిత్రుడు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే నీటి లెక్కతో పాటు మురికి లెక్క కూడా వేయకపోతే మీరు మరో తప్పు చేసే ప్రమాదం ఉంది కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీటి లెక్క. కేంద్ర ప్రభుత్వం 2013లో వెలువరించిన మురుగునీటి మాన్యువల్ ప్రకారం వచ్చిపోయే జనంలో స్నానాల వసతి వాడుకునేవారికి రోజుకు 45 లీటర్లు, కేవలం సామూహిక మరుగుదొడ్లు వాడుకుని వెళ్లేవారికి 15 లీటర్ల చొప్పున నీరు లెక్కగడతాం. మీ 4,000 మందికి 1,80,000, మిగిలిన 11,000 మందికి 1,65,000, వెరసి 3,45,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందనుకుంటే 2,76,000. ఈ జనం వచ్చిపోయే 36 గంటల్లో ఊరి మురుగు మరో 97,500 లీటర్లు కలుస్తుంది. అంటే మొత్తం సుమారు 3,73,000 లీటర్లు. అదే 36 గంటల్లో మీ ప్లాంటు తీసుకోగలిగింది 1,50,000. మిగిలిన రెండుంపావు లక్షల లీటర్లను పట్టి ఉంచడానికి ఒక తొట్టి ఉంటే, అందులోంచి రోజుకు 22,000 లీటర్ల చొప్పున పది రోజుల పాటు మెల్లగా ప్లాంటుకు వదలవచ్చు. ఊరి 65,000తో కలిపినా రోజుకు 87,000 దాటదు. మళ్లీ అమావాస్య రావడానికి 29, 30 రోజులు పడుతుంది కాబట్టి ఆలోగా తొట్టి ఖాళీ అయి సిద్ధంగా ఉంటుంది. 2,50,000 లీటర్ల తొట్టి మూడు మీటర్ల లోతుతో కడితే ఒక గుంట జాగ కూడా పట్టదు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు మురికి లెక్క. నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే కొలతను బీఓడీ అంటాం. అదే మాన్యువల్ ఒక్కొక్క మనిషి నుంచి రోజుకు 27 గ్రాముల బీఓడీ వస్తుందని చెబుతుంది. పట్టణాల్లో మనిషికి 135 లీటర్ల నీరు ఇచ్చి, అందులో 108 లీటర్లు మురుగుగా వస్తుందనుకుంటే లీటరుకు 250 మిల్లీగ్రాములు అవుతుంది. చాలామంది డిజైన్ చేసేవారు ఈ 250 అంకెనే కళ్లు మూసుకుని వాడేస్తారు. మీ ఊళ్లో మనిషికి వచ్చే మురుగు 59 లీటర్లే. నీరు తక్కువ, మురికి అంతే. కాబట్టి మీ మురుగు చిక్కగా, లీటరుకు 450 మిల్లీగ్రాముల దాకా ఉండే అవకాశం ఉంది. మీ ప్లాంటును 250 లెక్కతో కట్టి ఉంటే అది రోజుకు 25 కిలోల బీఓడీకి తగినది. మీ 1,100 మంది నుంచే దాదాపు 30 కిలోలు వస్తోంది. అంటే నీటి పరంగా మూడింట ఒక వంతు ఖాళీగా కనిపిస్తున్న ప్లాంటు, మురికి పరంగా ఇప్పటికే నిండిపోయి ఉంది. అమావాస్య దాన్ని ముంచుతోంది అనుకుంటున్నాం కానీ, అది మామూలు రోజుల్లోనే గొంతు దాకా మునిగి ఉన్నట్టు లెక్క. ఇది ఊహ మీద వదిలేయకుండా ప్లాంటులోకి వచ్చే నీటిని మామూలు రోజు ఒకసారి, అమావాస్య మరునాడు ఒకసారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.

అందువల్ల నేను సూచించే పనులు ఈ వరుసలో ఉంటాయి. అన్నిటికంటే ముందు గాలి. ఎనిమిదేళ్లయింది కాబట్టి తొట్టి అడుగున గాలిని సన్నటి బుడగలుగా వదిలే రబ్బరు డిఫ్యూజర్లు బిరుసెక్కి, చిరిగి ఉంటాయి. నీటి మీద బుడగలు పాల పొంగులా అంతటా సన్నగా కాకుండా అక్కడక్కడ కుండ మరిగినట్టు పెద్దగా లేస్తుంటే అవి పోయినట్టే. వాటిని మార్చి, మరో బ్లోయర్ చేర్చి గాలిని రెట్టింపు చేయాలి. గోడలు పెంచకుండా ప్లాంటు శక్తి పెంచడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. జనరేటర్ నుంచి బ్లోయర్లకు లైను ఇవ్వడం కూడా ఇందులోనే చేయించండి.

రెండోది, యాత్రికుల మరుగుదొడ్ల మురుగును నేరుగా ఊరి పైపుల్లో కలపకుండా, మరుగుదొడ్ల పక్కనే అరలున్న పెద్ద సెప్టిక్ ట్యాంకులోకి పంపాలి. గట్టి మురికి అక్కడే అడుగున దిగిపోతే బీఓడీలో కనీసం మూడో వంతు తగ్గుతుంది. దిగిన మడ్డిని ట్యాంకర్‌తో తీయించి మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపించాలి. పై నీరు నేను ముందు చెప్పిన నిల్వ తొట్టిలోకి వెళ్లాలి. ఆ తొట్టి అడుగున పెద్ద బుడగల గాలి గొట్టాలు లేకపోతే పది రోజుల్లో నీరు కుళ్లి, మీరు ఇప్పుడు పడుతున్న వాసన మరో చోటికి మారుతుంది, అంతే.

తలనీలాలు ఇచ్చే చోట, అన్నదానం వంటశాల దగ్గర జల్లెడ, జిడ్డు పట్టే తొట్టి పెట్టించారా? పంపు లోపల తిరిగే రెక్కల చక్రానికి (ఇంపెల్లర్‌కు) వెంట్రుకలు తాడులా చుట్టుకుని మోటారు కాలిపోవడం నేను స్వయంగా రెండు చోట్ల చూశాను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ తొట్లలోకి మనిషి దిగకూడదు. మడ్డి నిలిచిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తి ముందు పోతుంది, ఆ వెంటనే ప్రాణం పోతుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలా మరణించినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. జాతర హడావుడిలో సఫాయి కార్మికుణ్ణి 'ఒక్కసారి దిగి చూడు' అని ఎవరూ అనకుండా చూసే బాధ్యత వార్డు సభ్యుడిగా మీది.

జవాబు: వలస ఊరి మాజీ సర్పంచి, పాత పాలమూరు జిల్లా

మా ఊరి సంగతి దీనికి తలకిందులు. పనుల కోసం ముంబై, పుణె వెళ్లే కుటుంబాలు మా దగ్గర చాలా ఉన్నాయి. పండుగలు కాగానే గల్లీలకు గల్లీలే తాళాలు పడతాయి. పైపులు మాత్రం మొత్తం జనాభా లెక్కతో వేశారు. పైపులో నీరు సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారితేనే మురికి ఎక్కడా ఆగకుండా పోతుందని అప్పట్లో వచ్చిన ఇంజినీరమ్మ చెప్పింది. సగం ఇళ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది? మడ్డి పేరుకుని, ఎండాకాలం వచ్చేసరికి రాయిలా గట్టిపడేది. మేం చేసిన పని చిన్నదే. ప్రతి వీధి మొదట్లో ఉన్న మ్యాన్‌హోల్‌లోకి 15 రోజులకొకసారి ఒక ట్యాంకర్ నీళ్లు ఒక్క ఊపున వదులుతున్నాం. మీ గుట్ట దగ్గర యాత్రికుల గదుల వైపు వెళ్లే పైపు కూడా నెలలో 27 రోజులు ఎండే ఉంటుంది కదా. అమావాస్య రాత్రి మొదటి నీటితో పాటు నెల రోజుల మడ్డి అంతా ఒకేసారి మీ ప్లాంటు మీద పడుతూ ఉండవచ్చు. రెండు రోజుల ముందే కడిగేసి చూడండి.

జవాబు: ఆయకట్టు రైతు, నల్గొండ జిల్లా

సార్లు చెప్పిన లెక్కలు నాకు అన్నీ తెలియవు కానీ, ఒక విషయంలో హెచ్చరించాలనుకుంటున్నాను. ఇలాంటి చర్చ మా దగ్గర వచ్చినప్పుడు కొందరు 'ప్లాంటు ఎందుకు, యాత్రికుల మరుగుదొడ్లకు ఇంకుడు గుంతలు తవ్వితే సరిపోతుంది' అన్నారు. మనది గట్టి రాతి నేల. పైన రెండు మూడు అడుగుల మట్టి, దాని కింద పగుళ్లున్న నల్లరాయి. గుంతలో పోసిన మురుగు మట్టిలో వడకట్టుకుంటూ దిగదు. ఉంటే గుంతలోనే నిలిచిపోతుంది, లేకపోతే రాతి పగుళ్లలో పడి నేరుగా ఎవరి బోరులోనో తేలుతుంది. తాగునీటి బావికి ఇంకుడు గుంత కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణాల్లో ఉందని చదివాను. అది మట్టి నేలకు సరిపోవచ్చు, పగుళ్ల రాతిలో ఆ దూరాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. ఫ్లోరైడ్‌తో తరాల పాటు నడుములు వంగిపోయిన జిల్లా మనది. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా అని బోర్లను వదిలేయడానికి లేదు, పశువులు తాగేవి ఆ నీళ్లే.

ఇంకొకటి, శుద్ధి చేసిన నీటిని నేరుగా చెరువులోకి వదలకుండా మధ్యలో ఐదారు గుంటల జాగలో లోతు తక్కువ మడి కట్టి, గులకరాళ్లు పోసి, జమ్ము, మెట్టతామర (కన్నా) మొక్కలు పెట్టించండి. ప్లాంటు ఒక రోజు తడబడినా ఆ మడి కొంత సర్దుతుంది. స్నానాల నీళ్లను కూడా మరుగుదొడ్ల నీళ్లతో కలపకుండా నేరుగా అటు మళ్లించవచ్చేమో ఇంజినీరు గారు చెప్పాలి.

జవాబు: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, నల్గొండ

రైతు సోదరుడు చెప్పింది నిజం. స్నానాల నీటిని నూనె, వెంట్రుకలు, పసుపు కుంకాలు వడకట్టి ఆ మడిలోకి మళ్లించవచ్చు. దానివల్ల నిల్వ తొట్టి పరిమాణం బాగా తగ్గుతుంది.

వార్డు సభ్యుడు గారూ, నేను వేసిన లెక్కలన్నీ మాన్యువల్ అంకెల మీద ఆధారపడినవి. కట్టడానికి ముందు మీ నీటిని మీరే కొలవండి. ప్లాంటులోకి నీరు వచ్చే కాలువకు అడ్డంగా ఒక రేకు బిగించి, పైఅంచు నుంచి 90 డిగ్రీల కోణంతో వి ఆకారపు గాడి కోయించండి. గాడి కొన నుంచి నీటిమట్టం ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో చూడాలి. 5 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు ముప్పావు లీటరు, 10 సెంటీమీటర్లు ఉంటే 4.4 లీటర్లు పారుతున్నట్టు. కొలత రేకుకు రెండు మూడడుగుల వెనక తీయాలి, గాడి దగ్గర నీరు కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ తప్పు వస్తుంది. అమావాస్య ముందు సాయంత్రం నుంచి 36 గంటల పాటు అరగంటకొకసారి రాయించండి.

అడిగినవారు (రెండు అమావాస్యల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. మొదటి అమావాస్యకు బ్లీచింగ్ పౌడర్‌ను మరుగుదొడ్లలో పూర్తిగా ఆపించి, సబ్బు నీళ్లతో కడిగించాం. వాసన గురించి రెండు మూడు ఫిర్యాదులు వచ్చాయి, అదనంగా ఇద్దరు కార్మికులను పెట్టడంతో తగ్గాయి. జనరేటర్ లైను బ్లోయర్‌కు ఇచ్చాం. పాలమూరు పెద్దమనిషి చెప్పినట్టు పైపు ముందే కడిగించాం. తొట్టి ఈసారి కూడా పొంగింది కానీ, నీళ్లు నాలుగో రోజుకే తేటబడ్డాయి. నేను కూడా గాజు జాడీ ఒకటి కొని ప్లాంటు గట్టు మీద పెట్టాను. ఆ అంచు ఏర్పడడం మొదటిసారి చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

రెండో అమావాస్యకు రేకు బిగించి కొలిచాం. మామూలు రోజు నీరు 5 సెంటీమీటర్ల దగ్గరే ఉంటోంది. అమావాస్య తెల్లవారుజామున మూడు నుంచి ఏడు గంటల దాకా 11 సెంటీమీటర్ల మీద నిలిచింది. 36 గంటలకు మొత్తం 3,10,000 లీటర్లు తేలింది. మామూలు రోజు నీటి బీఓడీ పరీక్షలో లీటరుకు 410 మిల్లీగ్రాములు వచ్చింది. డిఫ్యూజర్ల మార్పు, రెండో బ్లోయర్ పని వచ్చే గ్రామసభలో తీర్మానానికి పెడుతున్నాం. నిల్వ తొట్టిని 2,00,000 లీటర్లకు తగ్గించవచ్చా?

జవాబు: విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, నల్గొండ

చాలా సంతోషం. 410 అంటే ఊరి మురుగే రోజుకు దాదాపు 27 కిలోలు, కాబట్టి గాలి పనిని ఆలస్యం చేయకండి. తొట్టి విషయంలో మాత్రం కొంచెం ఆగండి. మీరు కొలిచింది వానలు లేని నెలలో. మ్యాన్‌హోల్ మూతల గుండా, ఇళ్ల పైకప్పుల నుంచి వాననీరు మీ పైపుల్లోకి ఎంత దిగుతోందో తెలియకుండా పరిమాణం ఖరారు చేయలేం. శ్రావణ, భాద్రపద మాసాల్లో వాన పడిన ఒక అమావాస్యకు అదే రేకు మీద మరోసారి కొలిచి రాయండి, ఆ అంకెతో తొట్టి కొలతలు నేనే వేసి ఇస్తాను.